దానికి ఎద్దుల పవర్ ఎంత?

ఫిబ్రవరి 27

శివరాత్రి అయిపోయింది. పక్క ఊళ్ళో బండలాగుడు పోటీలు నిన్న పొద్దున మొదలై పొద్దు గూకే దాకా జరిగాయి. మైకు మా వసారాలోకి తీరుగా వినబడుతుంది. ఎవరి జత, ఏ ఊరు, బండ ఎంత దూరం కదిలింది, అన్నీ. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మైకులో "బయ్యన్న గారి జత" అనే మాట వినబడని శివరాత్రి లేదు. ఈసారి వినబడలేదు. బయ్యన్న గారు, అంటే మా ఇంటాయన, మంచం మీద తువ్వాలు మొహానికి కప్పుకుని పడుకున్నాడు. మైకువాడు అరిచినప్పుడల్లా తువ్వాలు కదిలింది. నిద్రపోయే మనిషి తువ్వాలు అట్లా కదలదు.

పెద్దోడు పోయిన శ్రావణంలో కడుపుబ్బి చచ్చిపోయాడు. జత విడిపోయాక చిన్నోడితో పోటీ లేదు, కొనిపెట్టడానికి మేతా లేదు. దసరా ముందర నందికొట్కూరు దిక్కు నుంచి ముత్యాలప్ప అనే ఆయన వచ్చి తోలుకుపోయాడు. ఎద్దుల గురించే రాస్తున్నాను. ఎవరైనా చదివితే కొడుకులనుకుంటారు. మాకు ఉన్నది కూతురు ప్రశాంతి ఒక్కతే, ధర్మవరంలో కాపురం.

చిన్నోడు వెళ్ళిపోయిన రోజు నుంచి ఈ ఇంట్లో రెండే మాటలు. ఊ. ఊహూ.

నాకేం, అలవాటైపోయింది. నా బాధంతా చీనీ చెట్ల గురించి, కోస్తావాళ్ళు బత్తాయి అంటారే, అవి. బోరు గుక్క గుక్కగా పోస్తోంది. గుట్ట అవతల శేషప్ప తోటలో నీళ్ళున్నాయి, ఇస్తానంటున్నాడు. మాకు చిన్న ట్యాంకరు ఉంది. లాగడానికి కిరాయి ట్రాక్టరువాడు రమ్మన్న రోజు రాడు, రావద్దన్న రోజు వచ్చి హారన్ కొడతాడు. వేసవి ఇంకా ముందుంది.

మార్చి 2

మా తమ్ముడి కొడుకు ప్రవీణ్‌ను అనంతపురం నుంచి పిలిపించాను. వాడికి బండ్ల పిచ్చి. ఫోనులో తిండి కన్నా బండ్ల వీడియోలే ఎక్కువ చూస్తాడు. సంగతి చెప్పాను. ఒకటే బండి కావాలి. ట్యాంకరు లాగాలి. కాయ కోసిన రోజు తెల్లారేసరికి అనంతపురం మార్కెట్లో ఉండాలి, ఆలస్యమైతే ధర పడిపోతుంది. ట్రాక్టరు లాగుతుంది కానీ పరిగెత్తదు. మామూలు ఆటో పరిగెత్తుతుంది కానీ లాగదు.

"పికప్పు అత్తా! రెండూ చేస్తాది," అన్నాడు. అని ఊరుకోలేదు. ఫోను తీసి నాలుగు తలుపుల నల్ల బండి ఒకటి చూపించాడు. అది కొండలెక్కుతోంది, ఏట్లో దిగుతోంది, ఇసుకలో దుమ్ము లేపుతోంది. ఎక్కడా పని మాత్రం చేయడం లేదు.

"దీంట్లో ఎన్ని హార్స్ పవర్లు ఉండాయో తెలుసునా? గుర్రం ఉరికినట్ల ఉరుకుతాది!"

అప్పుడు మంచం మీద నుంచి, తువ్వాలు కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"గుర్రం ఉరుకుతాది లేరా. దానికి ఎద్దుల పవర్ ఎంతో అడుగు."

నేను చేతిలోని చాట కింద పెట్టాను. ప్రవీణ్ నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. ఇద్దరం మంచం వైపు చూడలేదు. ఇంటి చూరులో పిట్ట వచ్చి వాలినప్పుడు కదిలితే ఎగిరిపోతుందని ఊరుకుంటామే, అట్లా ఊరుకున్నాం.

"టార్క్ అంటారు మామా దాన్ని," అన్నాడు ప్రవీణ్ మెల్లగా. "లాగే బలం. అది వేరే లెక్క ఉండాది."

"ఊ," అని తువ్వాలు మళ్ళీ కదలకుండా పోయింది.

మార్చి 3

ఊ. ఊహూ. ఊ.

మార్చి 5

ప్రశాంతి ఫోన్ చేసింది. "నాయన ఏమన్నా మాట్లాడతాండాడా అమ్మా?" అంది. బ్రహ్మాండంగా మాట్లాడుతున్నాడన్నాను. ఏం మాట్లాడాడో చెప్పమంది. ఎద్దుల పవర్ సంగతి చెప్పాను. అదెప్పుడో ఆదివారం మాట కదా, తర్వాత? అంది. చీనీ చెట్లకు నీళ్ళు తక్కువయ్యాయి, అదే నా బాధ అన్నాను.

దీనికి ఇంత చదువు ఎందుకు చెప్పించామో. అన్నీ అడుగుతుంది.

మార్చి 9

అనంతపురం వెళ్ళాం, షోరూముకు. ఆయనా వచ్చాడు. సంచి పట్టుకోవడానికి మనిషి లేడని చెప్పి తీసుకెళ్ళాను. సంచిలో ఏమీ లేదు, ఒక నీళ్ళ సీసా తప్ప. ఆయన అడగలేదు.

షోరూము లోపల నేల అద్దంలా ఉంది. చెప్పులు విడవాలేమోనని గుమ్మం దగ్గర ఇద్దరం కాసేపు నిలబడ్డాం. మెడకు టై కట్టుకున్న అబ్బాయి పరిగెత్తుకొచ్చి "రండి సార్, రండి మేడమ్" అన్నాడు. ప్రవీణ్ అప్పటికే నల్ల బండి పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మా ఆయన ఏమీ మాట్లాడకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. తర్వాత వెనక్కి నడిచి దూరం నుంచి చూశాడు. దగ్గరికొచ్చి వెనక చక్రం పైన అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. వంగి కింద చూశాడు. ముందుకొచ్చి బానెట్టు ఎత్తమని సైగ చేసి, లోపల తల పెట్టి చాలాసేపు చూశాడు. నాకు అర్థమైంది. సంతలో ఎద్దును ఇట్లాగే చూస్తాడు. నడక, తొడ, గిట్ట, ఆఖరున నోరు తెరిచి పండ్లు. ఇంజనులో పండ్లు దొరికాయో లేదో మాత్రం చెప్పలేదు.

టై అబ్బాయి మైలేజీ గురించి, సీట్ల గురించి, తెర మీద పాటలు రావడం గురించి చెప్పుకుపోయాడు. అంతా విని మా ఆయన ఒకటే అడిగాడు.

"ఏదన్నా కట్టి లాగిపిచ్చి చూపిస్తారా?"

"సార్, టెస్ట్ డ్రైవ్ ఇస్తాం. రోడ్డు మీద."

"ఒట్టిగ నడిస్తే ఏం తెలుస్తాదప్పా? కాడి పెట్టకుండా ఎద్దును ఎవురు కొంటారు?"

ఆ అబ్బాయి మేనేజరును పిలుస్తానని వెళ్ళి రాలేదు. బయటికొచ్చాక ప్రవీణ్ మొహం మాడ్చుకున్నాడు. "ఏమి మామా, దానికేం తక్కువ?" అన్నాడు.

"అది పెండ్లికి పోయే ఎద్దురా. కొమ్ములకు రంగు బాగుండాది. నాలుగు తలుపులు పెట్టి మనుషులకు మిద్దె కట్టినారు. కాయ ఏసుకునేకి ఈపు పొట్టిగ పెట్టినారు."

షోరూములో దాని పక్కన ఇంకో తెల్ల బండి ఉండింది, తక్కువ ధర, వీపు పొడుగు. నాకు నచ్చింది. దాని నుదుటి మీద సొట్ట లాంటి మలుపు ఒకటి ఉంది, కంపెనీవాళ్ళే అట్లా చేశారట. మా ఆయన దాన్ని చూసి తల అడ్డంగా తిప్పాడు. "నొసట్లో ఆ సుడి మంచిది కాదు. యజమానిని తింటాది." ఇంత వయసొచ్చింది, రేకుకు సుడి చూస్తున్నాడు. బస్సులో కూర్చున్నాక తలుచుకుని నవ్వుకున్నాను. సుడి గురించి నేను వాదించి ఉంటే బాగుండేది, ఇంకో నాలుగు మాటలు అనేవాడు. తోచలేదు.

ఇంటికొచ్చాక మళ్ళీ మంచం, తువ్వాలు. కొనబోతే కొరివి అంటారు, నిజమే. చెట్ల ఆకు ముడుచుకుంటోంది.

మార్చి 13

కూలికి వచ్చే తిమ్మక్క తోటలో పాదులు తవ్వుతూ "ఏమక్కా, పికప్పు తెస్తారంట, మీ ఇంటాయప్ప తోల్తాడా?" అంది. ఎప్పుడో ఇరవై ఏళ్ళు ట్రాక్టరు తోలిన మనిషే, ఎందుకు తోలడు అన్నాను. "కాదక్కా, లేస్తాడా అని అడుగుతాండా," అంది.

ఎద్దు పుండు కాకికి ముద్దా? తిమ్మక్కకు ఇవాళ మజ్జిగ ఇవ్వలేదు.

మళ్ళీ పిలిచి ఇచ్చాను.

మార్చి 16

ఉరవకొండ నుంచి తిప్పయ్య వచ్చాడు. పాత బండ్లు కొనిపెట్టే మనిషి. ఆయన దగ్గర ఒక పికప్పు ఉందట, సిమెంటు మూటలు మోసిన బండి, అందానికి తక్కువ, పనికి ఎక్కువ. "అన్నా, నీకు లాగేదే గదా కావాల్సింది? ఇది గుట్టనైనా లాగుతాది," అన్నాడు.

"కట్టి చూపిస్తావా?" అన్నాడు మా ఆయన, పడుకునే.

"యాడైనా కట్టు, దేనికైనా కట్టు!" అన్నాడు తిప్పయ్య.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎదురుగా ఉన్నది బయ్యన్న. ఊరి బయట మైదానంలో ఎద్దులకు తాలీము ఇచ్చే బండలు పడి ఉన్నాయి.

మార్చి 18

చెయ్యి నొప్పి పుట్టినా సరే ఇవాళ్టిది రాసి పడుకుంటాను.

తిప్పయ్య బండి వచ్చేసరికి మైదానం నిండింది. పోటీలకైనా ఇంతమంది రారు. నేను నీళ్ళ బిందె నెపంతో వెళ్ళాను. మా ఆయన దూరంగా గట్టు మీద కూర్చున్నాడు, తనకేమీ సంబంధం లేనట్టు. మొహం మీద తువ్వాలు లేదు, భుజం మీద ఉంది.

మొదటి తగువు ఏ బండ కట్టాలని. ఎద్దు వయసు పండ్లను బట్టి లెక్క. పాలపండ్ల లేత ఎద్దులకు చిన్న బండ, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఎద్దు ముదిరేకొద్దీ బండ బరువెక్కుతుంది. బండిని ఏ వరసలో కట్టాలో ఎవరికీ తెలియదు.

"కొని ఆరేండ్లాయ గదా, ఆరుపండ్ల బండ కట్టాల," అన్నాడొకడు.

"రెండు చేతులు మారిన బండి. పండ్లన్నీ ఎప్పుడో వచ్చినాయి. పెద్ద బండే కట్టండి," అన్నాడింకొకడు.

"ఏమప్పా, నా బండి నోట్లో పండ్లు యాడుండాయి?" అని తిప్పయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఆఖరికి పాలపండ్ల బండతో మొదలుపెట్టాలని తీర్మానం చేశారు. పంచాయతీ ఎన్నికకు కూడా ఇంత తొందరగా ఒప్పుకోలేదు వీళ్ళు.

తోలడానికి ప్రవీణ్ ఎక్కాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మోకు కట్టారు. వీడు ఇంజను రయ్యిమనిపించి, ఉన్నట్టుండి ఉరికించాడు. మోకు ఫటుమని తెగింది. బండి మైదానం అవతల తేలింది. బండ ఉన్నచోటే ఉంది. దుమ్ము అణిగాక ఎవడో "చెర్నాకోల తెమ్మంటావా ప్రవీణూ?" అని అరిచాడు. జనం పడిపడి నవ్వారు.

వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి గొలుసు కట్టారు, బంపరుకు. మళ్ళీ రయ్యిమనిపించాడు.

"ఏయ్! ఆపు! ఆపరా నాకొడకా!"

ఆ గొంతు విని ఎన్ని నెలలైంది! ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు. నా బిందె చంకలోంచి జారింది. గట్టు దిగి వస్తున్నాడు, పంచె ఎగగట్టి, పరుగులాంటి నడకతో. బండి తలుపు తీసి ప్రవీణ్ చొక్కా పట్టుకున్నాడు.

"ఎవురు నేర్పిచ్చినార్రా నీకు? మోకు వదులుగ ఉన్నప్పుడు ఉరికిస్తారా? మెడ విరిగిపోదా దానికి?"

"దీనికి మెడ లేదు మామా."

"మెడ లేకపోతే నొప్పి లేదా? దిగు!"

గొలుసు విప్పి, బండి కిందికి దూరి, చట్రానికి అడ్డంగా ఉన్న ఇనుముకు కిందుగా కట్టాడు. లేచి మోకాళ్ళు దులుపుకోకుండానే ఎక్కి కూర్చున్నాడు. మెల్లగా, చాలా మెల్లగా ముందుకు పోనిచ్చి, గొలుసు బిగిసేదాకా ఆగాడు. చక్రాలు మట్టిని కొరికాయి. బండ ఒకసారి మూలిగి కదిలింది. కదిలి, సాగి, మైదానం సగం దాకా పోయింది.

ఈలలే ఈలలు. ఎవడో పరిగెత్తి బానెట్టుకు తువ్వాలు చుట్టాడు. "ఆరుపండ్లది కట్టండప్పా!" అని నలుగురు అరిచారు. అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఎందుకు అబద్ధం. మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆ కళ్ళు చూసి నాకు బండీ గుర్తులేదు, తిప్పయ్యా గుర్తులేడు. ఇంకా పెద్ద బండ ఉంటే అదీ కట్టమనేదాన్ని.

ఆరుపండ్ల బండా కదిలింది. నాలుగు బారలు పోయాక కాలిన వాసన వచ్చింది. బండి కింద నుంచి పొగ లేచింది, క్లచ్చు కాలిపోయింది. ఇంజను మొరుగుతోంది కానీ బండి ముందుకూ రాదు, వెనక్కీ పోదు. తిప్పయ్య నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇది బండి అనుకున్నారా, దున్నపోతు అనుకున్నారా? లోకంలో ఎవుడన్నా పికప్పుకు బండ కట్టి చూస్తాడా?" అని ఏడ్చినంత పని చేశాడు. నిజమే కదా. లోకంలో ఎవరూ కట్టరు. మా ఊళ్ళో అంతమందిలో ఒక్కడికీ ఆ సంగతి తోచలేదు.

మా ఆయన మాత్రం దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి "ఊరుకో, ఊరుకో" అన్నాడు. తిప్పయ్యను అన్నాడనుకున్నారందరూ. కాదు.

మార్చి 19

తిప్పయ్యకు క్లచ్చు ప్లేటు మేమే వేయించి ఇస్తామన్నాం. ఆయన శాంతించాడు. మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మార్చి 21

తిప్పయ్య బండి బాగైంది. ఎట్లాగూ మీరే కాల్చారు, మీరే కొనుక్కోండి అంటాడు. ఊరంతా అదే మాట. బండ లాగిన బండి, ఇంకేం చూడాలి? నేనూ సరేననుకున్నాను.

ఆయన వద్దన్నాడు.

"అదేందయ్యా? లాగింది గదా?" అన్నాను.

"లాగింది. రోషానికి లాగింది. ముసిలెద్దు రోషానికి లాగితే దాన్ని ఇంగా లాగిపిచ్చేది పాపం. మనకు బండలు లాగే పని ఏముండాది? చిన్న ట్యాంకరే గదా." గోడ వైపు చూస్తూ, వసారాలో కూర్చున్న తిప్పయ్యను అడిగాడు. "అది ఉండనీ. ఈ బండి పొద్దున్నే బయలెల్లి, కర్నూలు దాటిపోయి, మాపటికి వాపసు రాగలదా?"

తిప్పయ్య నిజాయితీగా తల గోక్కున్నాడు. "వస్తాది గానీ అన్నా, మీ నడుములు రావు."

కర్నూలు దాటి మాకేం పని? అక్కడ చుట్టాలు లేరు. చీనీ మార్కెట్టు అటు లేదు.

మార్చి 22

కర్నూలు దాటితే నందికొట్కూరు, ముత్యాలప్ప వచ్చిన దిక్కు.

నాకు తెలియదా. నిన్న రాయలేదంతే.

మార్చి 25

ఏడ్చాను. తోటలో, ఎవరూ లేనప్పుడు. ఆకు రాలుతోందని ఏడ్చానని తిమ్మక్కతో చెప్పాను. ఆకు రాలుతున్న మాట నిజమే.

ఏప్రిల్ 1

ఉగాది ముందురోజు ప్రవీణ్ ఇంకో బండి చూశాడు, రెండేళ్ళే వాడినది. రెండే తలుపులు, వీపు పొడుగు, వెనక కొక్కెం గట్టిది. ఇవాళ మా ఆయన వెళ్ళి చూశాడు. ఈసారి చుట్టూ తిరగలేదు, పండ్లు చూడలేదు. నేరుగా ఎక్కి, గుత్తి వైపు పెద్ద రోడ్డు మీద తీసుకుపోయాడు. పక్కన ప్రవీణ్, ఆ పక్కన నేను, ముగ్గురం ఇరుక్కుని. అద్దంలోంచి గాలి కొట్టింది. మా ఆయన పైజేబులోని బీడీలు ఎగిరిపోయాయి, చూసుకోలేదు.

"ఎట్లుండాది మామా?"

"ఉరుకుతాది."

గుట్ట దిగేచోట బ్రేకు తొక్కి చూశాడు, రెండుసార్లు. "ఎనక బరువు ఉంటే దిగుడులో తోస్తాది. లాగేది ఎవురైనా లాగుతారు. నిలబడతాదా లేదా అని చూడాల." నిలబడింది.

"ట్యాంకరు లాగుతుందా?" అని నేను అడిగాను. అడగాలి కదా, చెట్ల కోసం కొంటున్నాం.

"ట్యాంకరా? ఆ, లాగుతాది లాగుతాది," అన్నాడు. నచ్చిన సంబంధం గురించి అడిగితే పెళ్ళికూతురు చూపించే తొందర ఉంది ఆ మాటలో. ఇదే అన్నాడు. ఇదే అయింది.

ప్రవీణ్ ఇంటికొచ్చాక నా చెవిలో "అత్తా, ఇన్ని దినాలూ మామ లాగే దానికి చూస్తాండాడనుకుంటిని. ఇప్పుడు చూస్తే స్పీడు చూస్తాండాడు," అన్నాడు. మగవాళ్ళకు వయసు మీద పడితే అట్లాగే ఉంటుందిలే అన్నాను.

ఏప్రిల్ 6

బండి ఇంటికొచ్చింది. కుంకుమ, నిమ్మకాయలు, టెంకాయ. తిమ్మక్క దిష్టి తీసింది.

రేపు ట్యాంకరు కట్టాలి, శేషప్పకు చెప్పి పెట్టాను, చెట్లు ఇంక ఆగవు అన్నాను. ఆయన గోరు చూసుకుంటూ "ఎల్లుండి కడదాం. రేపు ఒగ పనుండాది," అన్నాడు.

ఏం పని, ఎక్కడికి అని నేను అడగలేదు. ఇద్దరికి సద్ది కట్టాను. బుట్టలో పది చీనీ కాయలు పెట్టాను. చిన్నోడికి చీనీ తొక్కలంటే ప్రాణం.

ఏప్రిల్ 7

వెళ్ళి వచ్చాం. మాపటికే వచ్చేశాం, బండి మాట తప్పలేదు.

పోయేటప్పుడు టీకి కూడా ఎక్కడా ఆపలేదు. ముత్యాలప్ప ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. ఆయన మంచివాడు, చూడగానే పోల్చుకుని "రా అన్నా, వస్తావనుకుంటిని, ఇంత ఆలీసమైందేం?" అని చాప వేశాడు.

చిన్నోడు కొట్టంలో ఉన్నాడు. ఒళ్ళు చేశాడు. పక్కన కొత్త జత, వాడి ఎత్తే. మా ఆయన వాకిట్లో నిలబడి పిలిచాడు. "చిన్నోడా." మళ్ళీ పిలిచాడు.

నేను దేవుడికి మొక్కుకున్నాను. తల తిప్పాలి, రంకె వేయాలి, పలుపు తెంచుకుని రావాలి. అట్లా జరిగితే ఈ మనిషికి ప్రాణం లేచొస్తుందనుకున్నాను.

చిన్నోడు ఒక చెవి కదిలించాడు. మేత నములుతూ మమ్మల్ని చూశాడు, సంతలో ఎవరో పోతుంటే చూసినట్టు. తోక ఎత్తి పేడ వేశాడు. మళ్ళీ గాట్లోకి మూతి పెట్టాడు.

మెల్లగా ఆయన మొహం చూశాను.

ఆయన నవ్వుతున్నాడు.

"చూసినావే? నాకొడుకు మరిచేపోయినాడు!" అని గట్టిగా నవ్వాడు. "మేత బాగుండాది, జత బాగుండాది. నన్ను తలుచుకునే కర్మ వానికేముండాది?" దగ్గరికి పోయి గంగడోలు నిమిరాడు. చిన్నోడు వాసన చూసి, నా బుట్టలో చీనీ కాయలున్నాయని కనిపెట్టి నా వైపు వచ్చాడు. అప్పుడు మా ఆయన చేతిలో ముత్యాలప్పకు మొదలైంది. ముకుతాడు ఇంత బిగువేంది, గిట్టకు నూనె పెట్టలేదేంది, కొత్తోన్ని ఎడమ పక్క కడతారా ఎవురన్నా. ముత్యాలప్ప పాపం అన్నింటికీ "ఔనన్నా" అన్నాడు.

వచ్చేటప్పుడు దారిలో ఎక్కడో బండి పక్కకు ఆపాడు. స్టీరింగు పట్టుకుని పెద్దోడి గురించి చెప్పాడు. ఆ పొద్దు కడుపు ఎట్లా ఉబ్బింది, వాడు తల ఈయన ఒళ్ళో పెట్టి ఎట్లా చూశాడు, డాక్టరు వచ్చేలోపల కళ్ళు ఎట్లా నిలిచిపోయాయి. "చిన్నోడైనా సుఖంగా ఉండాడో లేదో అని నిద్ర రాలేదే నాకు, ఇన్నాళ్ళూ," అని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు. ఓదారుద్దామంటే నోటికి వచ్చిందల్లా ఒకటే.

"ఇంజను ఆపయ్యా, డీజిలు అయిపోతాది."

ఏడుస్తూనే నవ్వాడు. ఆపాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లారీలు పోతూ ఉన్నాయి. నాకు ఈ మనిషి కావాలి. చెట్లు తర్వాత.

ఏప్రిల్ 8

ట్యాంకరు కట్టాం. కట్టడానికే పూటంతా పట్టింది. బండిని వెనక్కి తెచ్చి కొక్కెం ట్యాంకరు నోట్లో పెట్టాలి. ఆయన తోలుతున్నాడు, నేను వెనక నిలబడి దారి చెబుతున్నాను.

"ఎడమకు, ఎడమకు," అన్నాను.

"ఎవురి ఎడమే? నీదా, నాదా, బండిదా?"

"ఎవురిదైతేనేం, ఎడమ ఎడమే గదా!"

"నువ్వు ఎదురుగా నిలబడితే నీ ఎడమ నాకు కుడి అయితాది! ఆ మాత్రం తెలవకుండా పదో తరగతి ఎట్ల పాసైతివే?"

"తెలిసే చెప్తాండా! నీకు మెడ తిప్పి చూసేకి బద్ధకం!"

బండి వెళ్ళి పాకకు గుద్దుకుంది. గుంజ ఒరిగింది. దిగి వచ్చి నన్ను, నా పుట్టింటిని, ప్రవీణ్‌ను, వాడి కళ్ళద్దాలను కలిపి తిట్టాడు. నేను ఊరుకోలేదు. రేకుకు సుడి చూసిన సంగతి వీధిలో బయటపెట్టాను. జనం గుమిగూడారు. తిమ్మక్క పరుగున వచ్చి, మా ఇద్దరి మధ్య నిలబడి, "ఏమక్కా ఇది, ఊరు ఊరంతా ఇనబడతాండాది, కొంచెం మెల్లగ కొట్లాడుకోండి," అంది.

"ఇనబడనీలేవే," అన్నాను.

ఆయన అప్పటికే మళ్ళీ ఎక్కి కూర్చుని, అద్దంలోంచి తల బయటపెట్టి, ఈసారి కుడికా ఎడమకా చెప్పి చావమని అరుస్తున్నాడు.